ముందు చేతికి నేర్పండి: నారా లోకేశ్ గారికి బొమ్మనహళ్ళి నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్య, ఐటీ శాఖల మంత్రి శ్రీ నారా లోకేశ్ గారికి,



మాది హిందూపురం పక్క పల్లె. బతుకుతెరువు బెంగళూరు బొమ్మనహళ్ళిలో. హోసూరు రోడ్డు మీదున్న ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో, శాంపుల్ సెక్షన్‌లో పనిచేస్తాను. మొదట్లో అట్ట మీద ప్యాటర్న్ గీసి కత్తెరతో కోసేదాన్ని. ఇప్పుడు ఆ పనిలో ఎక్కువ భాగం కంప్యూటర్లోనే అవుతోంది. బట్ట లేకుండా, దారం లేకుండా, తెర మీద నిలబడిన బొమ్మకు చొక్కా తొడిగి చూస్తాను. వర్చువల్ లోకమని అందరూ చెప్పుకునేది నాకు రోజూ అన్నం పెట్టే చోటు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం, ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున తెస్తామని ప్రకటించారు. నగరాల్లోనే కాక పట్టణాల్లో, మండలాల్లో కూడా ఐటీ ఆఫీసు స్థలాలకు ప్రోత్సాహకాలు ఇస్తామన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో బెంగళూరు రోడ్లతో విసిగిపోయిన ఒక కంపెనీని మీరు విశాఖకు రమ్మని పిలిచారు. మా వీధిలో తెలుగువాళ్లం చాలామందిమి ఉన్నాం. ఈ కబుర్లు విని మాకు నిజంగానే ఆశ కలిగింది. సిల్క్ బోర్డు కూడలి దాటడానికి ఎంతసేపు పడుతుందో రోజూ లెక్కేసుకుని బయల్దేరే మనుషులకు సొంత ఊళ్లో ఉద్యోగమంటే అంతకన్నా ఏం కావాలి?

అయితే బొమ్మనహళ్ళి ఎలాంటి చోటో మీకు ఒకసారి చెప్పాలి. ఒకవైపు సిల్క్ బోర్డు, ఇంకోవైపు ఎలక్ట్రానిక్ సిటీ. 2010లో మొదలైన దాదాపు 10 కిలోమీటర్ల ఫ్లైఓవర్ మా నెత్తి మీదుగానే పోతుంది. 2025 ఆగస్టులో వచ్చిన ఎల్లో లైన్ మెట్రోలో మా పేరుతో ఒక స్టేషన్ కూడా ఉంది. పొద్దున్నే ఫ్లైఓవర్ మీద ల్యాప్‌టాప్ బ్యాగులు పోతుంటాయి. కింద రోడ్డు పక్కన క్యారియర్ సంచులు పట్టుకుని, నెత్తిలో పూలు పెట్టుకుని, గుంపులు గుంపులుగా ఆడవాళ్లు ఫ్యాక్టరీ గేట్ల వైపు నడుస్తుంటారు. హిందూపురం, మడకశిర, పావగడ, ముళబాగిలు, గౌరిబిదనూరు, అందరూ ఆ చుట్టుపక్కలవాళ్లే. ఇంటి నుంచి పని అనగానే ఏ ప్రభుత్వానికైనా పైన పోయేవాళ్లే గుర్తొస్తారు. కింద నడిచేవాళ్ల సంగతి నేను రాస్తాను.

నా పని నాకు నేర్పిందేమిటంటే, వర్చువల్ లోకం ఉద్యోగంలో గట్టిగా అక్కరకొచ్చేది రెండు చోట్ల. వస్తువు తయారు చేసే ముందు నమూనా చూసుకోవడానికి, చెయ్యి పని నేర్చుకునేటప్పుడు తప్పులు చేయడానికి. మనిషి రావాల్సిన చోట మనిషికి బదులుగా దాన్ని కూర్చోబెట్టాలని చూసినప్పుడల్లా డబ్బు పోతోంది, ఓపిక కూడా పోతోంది. మీ ఖజానా ఏ వైపు ఖర్చు పెడుతుందన్నదే నా బెంగ.

నమూనా సంగతి ముందు చెబుతాను. విదేశీ బయ్యర్ ఒక లేడీస్ టాప్ స్కెచ్ పంపుతాడు. మేం మొదట ప్రోటో శాంపుల్ కుట్టాలి, తరవాత ఫిట్ శాంపుల్, ఆపైన సైజ్ సెట్, చివరికి పీపీ (ప్రీ-ప్రొడక్షన్) శాంపుల్. ప్రతి దశలోనూ కుట్టి, ఇస్త్రీ చేసి, కొరియర్‌లో సముద్రాలు దాటించాలి. అక్కడ మోడల్ వేసుకుని చూస్తుంది. చంక దగ్గర పట్టేస్తోంది, కాస్త వదులు చేయండని మెయిల్ వస్తుంది. మళ్లీ మొదలు. ఒక్కో రౌండుకు వారం, పది రోజులు తేలిగ్గా పోయేవి. కుట్టిన శాంపుల్స్‌లో ఎక్కువ భాగం ఎవరూ వేసుకోకుండానే అటకెక్కేవి.

క్లో, బ్రౌజ్‌వేర్ లాంటి సాఫ్ట్‌వేర్లు వచ్చాక ఈ తిరుగుడు చాలా తగ్గింది. ప్యాటర్న్ ముక్కల్ని తెర మీద పరుస్తాను. ఏ అంచు ఏ అంచుకు కుట్టాలో గుర్తు పెడతాను. బట్ట బరువు ఎంత, ఎంత సాగుతుంది, ఎంత వంగుతుంది అన్న విలువలు ఎక్కిస్తాను. బొమ్మ చొక్కా తొడుక్కుంటుంది. చెయ్యి పైకెత్తమంటే ఎత్తుతుంది. ఎక్కడ బిగుతుగా ఉందో అక్కడ ఎర్రగా మారుతుంది. చంక చుట్టుకొలత మార్చితే ఆ ఎరుపు పసుపై, ఆకుపచ్చై, కళ్ల ముందే పోతుంది. బయ్యర్ అదే రోజు చూసి మాట చెబుతాడు. 2020 మార్చి 25న దేశమంతా తాళం పడ్డప్పుడు, తెర మీద శాంపుల్‌ను ఎన్నడూ నమ్మనివాళ్లు కూడా నమ్మక తప్పలేదు. అప్పుడు మొదలైన అలవాటు నిలిచింది. ఇది మాయ కాదు, ఆర్భాటమూ కాదు. బట్ట, కరెంటు, కొరియర్, కాలం, అన్నీ మిగిల్చిన పని.

మన దగ్గర ఇదేమీ కొత్త కాదు కూడా. ధర్మవరంలో పట్టుచీర అంచుకు డిజైన్ ఒకప్పుడు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపుతూ వేసేవారు, దాన్నిబట్టి అట్టలకు రంధ్రాలు కొట్టేవారు. ఇప్పుడు ఆ డిజైన్ కంప్యూటర్లో తయారవుతోంది. మగ్గం ఎక్కకముందే చీర తెర మీద కనిపిస్తోంది.

ఇక తెర ఎక్కడ ఆగిపోతుందో చెబుతాను. ఒక విస్కోస్ టాప్ తెర మీద నీళ్లు జారినట్టు జారింది. బయ్యర్ చూసిన రోజే ఓకే అన్నాడు. కుట్టు లైన్‌లోకి వెళ్లాక కింది అంచు మడత మెలికలు తిరిగింది. మేం దాన్ని రోపింగ్ అంటాం. కంప్యూటర్లో విలువలన్నీ మళ్లీ చూశాం, తప్పేమీ లేదు. మడకశిర నుంచి వచ్చి ఏళ్లుగా సింగిల్ నీడిల్ మిషన్ మీద కూర్చున్న ఒకామె పీస్ చేతిలోకి తీసుకుంది. అంచును బొటనవేలితో వెనక్కీ ముందుకీ తిప్పింది.

"అక్కా, కింద బట్ట ముందుకు పోతాంది, పై బట్ట నిలబడిపోతాంది. ఫుట్టు ప్రెషర్ తగ్గించి, లాగకుండా చేత్తో ఇస్తా పోతే సరిపోతాది" అనింది.

ప్రెషర్ తగ్గించారు. సరిపోయింది. అదే టైలర్ అంతకుముందు శాంపుల్ గదిలో నా పక్కన కూర్చుని ఉంటే, ఆ మాట లైన్‌లోకి పోకముందే వచ్చేది. బట్ట జారుడు, ఉతికాక కుంచించుకుపోవడం, లైట్ బాక్స్ కింద ఎరుపు ఇంకో ఎరుపుగా కనిపించడం, సూది వేడికి పాలిస్టర్ కరగడం, ఇవన్నీ సాఫ్ట్‌వేర్ అంచనా వేయగలిగినంతే వేస్తుంది. మిగిలింది చేతికే తెలుస్తుంది. ఆ చెయ్యి సంపాదించుకున్న మనిషి జీతం కంప్యూటర్ ముందు కూర్చున్న నా జీతం కన్నా తక్కువ. ఇది నాకు నచ్చని విషయం, మీకూ నచ్చకూడదు.

ఇప్పుడు సమావేశాల సంగతి. వీఆర్ హెడ్‌సెట్ తగిలించుకుని, బొమ్మల రూపంలో ఒకే గదిలో కూర్చుని పనిచేస్తారని పెద్ద పెద్ద కంపెనీలు చెప్పాయి. ఫేస్‌బుక్ 2021 ఆగస్టులో హొరైజన్ వర్క్‌రూమ్స్ తెచ్చింది, రెండు నెలల్లో తన పేరే మెటా అని మార్చుకుంది. యాక్సెంచర్ అదే ఏడాది కొత్త ఉద్యోగుల కోసం 60,000 హెడ్‌సెట్లు కొన్నది. కోవిడ్ రోజుల్లో ఆఫీసు గుమ్మం తొక్కకుండా ఉద్యోగంలో చేరిన పిల్లలకు ఆ పరిచయం కొంత ఊరటేనని ఒప్పుకుంటాను. ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే నా తమ్ముడు కూడా, మొహాల చిన్న చిన్న గళ్లు చూడటం కన్నా అది నయమన్నాడు. కానీ నిలిచిందేమిటి? ఇలాంటిదే అయిన ఆల్ట్‌స్పేస్ వేదికను మైక్రోసాఫ్ట్ 2023 మార్చిలో మూసేసింది. వర్క్‌రూమ్స్‌నూ 2026 ఫిబ్రవరితో ఆపేశారు. జర్మనీలో కోబర్గ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, 2022లో వెలువడిన తమ అధ్యయనంలో, కొంతమంది చేత ఒక వారం, రోజుకు 8 గంటల చొప్పున హెడ్‌సెట్‌లోనే పని చేయించి చూశారు. ఇద్దరు మొదటి రోజే తలనొప్పి, వికారంతో తప్పుకున్నారు. మిగిలినవాళ్లకు పని భారం, చికాకు, కళ్ల అలసట, మూడూ పెరిగాయి. జడ వేసుకుని, పూలు పెట్టుకున్న తల మీద అరకిలో బరువు పట్టీ బిగించుకుని ఎనిమిది గంటలు కూర్చోమంటే మా లైన్‌లో ఒక్క మనిషీ కూర్చోదు. కూర్చోనక్కర్లేదు కూడా.

తెలంగాణ 2022 ఏప్రిల్‌లో తన స్పేస్‌టెక్ విధానాన్ని మెటావర్స్ అనే వర్చువల్ వేదికలో విడుదల చేసింది. దేశమంతా ఒకరోజు చెప్పుకుంది. అలాంటి వేదికలు మీకూ చాలామంది చూపిస్తారు. వాటి మీద ఒక్క రూపాయి కూడా పెట్టొద్దని నా మనవి.

పెట్టాల్సింది నేర్పడం మీద. దీనికి నా అనుభవం కన్నా గట్టి సాక్ష్యాలున్నాయి. ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ 1929లో నేల మీదే విమానం నడపడం నేర్పే పెట్టెను తయారుచేశాడు. అప్పటి నుంచి పైలట్లు కూలిపోకుండానే కూలడం నేర్చుకుంటున్నారు. 2002లో అచ్చైన యేల్ విశ్వవిద్యాలయం అధ్యయనంలో, సర్జరీ నేర్చుకునే యువ డాక్టర్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ముందుగా వర్చువల్ సాధన ఇచ్చారు. తరవాత రెండు జట్ల చేతా నిజమైన పిత్తాశయ ఆపరేషన్లు చేయించి చూస్తే, సాధన చేసినవాళ్లు 29 శాతం వేగంగా పని ముగించారు. సాధన లేనివాళ్లు పిత్తాశయానికి గాయం చేయడమో, పక్కన కాల్చడమో అయిదు రెట్లు ఎక్కువగా జరిగింది. గమనించండి, ఆపరేషన్ చేసింది మనిషి మీదే, మనిషి చేతులతోనే. తెర తప్పుల్ని ముందే చేయించి పారేసిందంతే.

మా గార్మెంట్ ట్రైనింగ్‌లో కూడా ఇదే సూత్రం ఎప్పటి నుంచో ఉంది. కొత్తగా వచ్చిన అమ్మాయికి మొదటి రోజున బట్ట ఇవ్వరు. గీతలు అచ్చువేసిన కాగితం ఇస్తారు. మిషన్‌కు దారం ఉండదు. వట్టి సూదితో, గీత మీదే రంధ్రాలు పడేలా నడపాలి. మొదట నిలువు గీత, తరవాత మూల తిరగడం, ఆపైన వంపులు, చివరికి చుట్టలాగా లోపలికి తిరిగే గీత. పెడల్ మీద కాలు ఎంత నొక్కితే ఎంత వేగమో, ఎక్కడ ఆపితే సూది ఎక్కడ నిలుస్తుందో ఆ కాగితాలే నేర్పుతాయి. తప్పు జరిగితే కాగితమే చిరుగుతుంది, నష్టం లేదు. సూపర్‌వైజర్ గొంతు చించుకునే అవసరమూ లేదు. ఊరి నుంచి నేరుగా వచ్చి, టార్గెట్ బోర్డు కింద, వందమంది మధ్య, అర్థం కాని కన్నడంలో తిట్లు తింటూ నేర్చుకున్న అమ్మాయికీ, ముందే ఆ కాగితాల మీద చెయ్యి కుదుర్చుకుని వచ్చిన అమ్మాయికీ మొదటి నెలలోనే తేడా తెలిసిపోతుంది. మొదటి రకం అమ్మాయిల్లో చాలామంది పండక్కని ఊరికి పోయి మళ్లీ రారు.

కాబట్టి, మంత్రిగారూ, హిందూపురం, మడకశిర, కదిరి, రాయదుర్గం, కుప్పం ఐటీఐలలో ఒక్కో గది పెట్టించండి. ఒక గోడ వైపు ప్యాటర్న్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్లు, ఎదురు గోడ వైపు కుట్టు మిషన్లు, ఓవర్‌లాక్‌లు. రెండూ ఒకే గదిలో ఉండాలి. తెర మీద వేసిన చొక్కాను అదే పూట కుట్టి, ఉతికి, కొలిచి, తెర ఎక్కడ తప్పు చెప్పిందో పిల్లలే కనుక్కోవాలి. రాయదుర్గంలో ఇప్పటికే జీన్స్ కుట్టే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడి కుర్రాళ్లకు శాంపుల్ తయారీ కూడా వస్తే జాబ్ వర్క్ దగ్గరే ఆగిపోనక్కర్లేదు, బయ్యర్‌తో వాళ్లే మాట్లాడగలరు. హెడ్‌సెట్లు కొనాలనే అనుకుంటే వెల్డింగ్ సాధనకు కొనండి. రాడ్లు, ఇనుము వృథా కావు, కళ్లు కాలవు. బాయిలర్ గది, కరెంటు ప్యానెల్, పొగ కమ్మినప్పుడు మెట్ల దారి వెతుక్కోవడం, ఇలాంటివి నిజంగా చేయించి నేర్పలేం, అక్కడ అవి వాడండి. పాఠం చెప్పడానికి మాత్రం వద్దు. ఇంకో మాట, ఈ సాఫ్ట్‌వేర్లకు ఏటేటా లైసెన్సు కట్టాలి. మొదటి ఏడాది డబ్బుతో గది తెరిచి, రెండో ఏడాది రెన్యువల్‌కు నిధుల్లేక తాళం వేస్తే ఆ పిల్లలకు మోసం చేసినట్టే. ఐదేళ్ల ఖర్చు ఒకేసారి పక్కన పెట్టి మొదలెట్టండి.

ఇంటి నుంచి పని గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి. మా వైపు ఆడవాళ్లకు అది కొత్త ఏమీ కాదు. బీడీలు చుట్టడం, అగరబత్తీలు తిప్పడం, ఇవన్నీ ఇంటి నుంచి పనే. వెయ్యికింతని లెక్క కడతారు. పక్క వీధిలో ఎంత ఇస్తున్నారో తెలియదు. సరుకు బాగాలేదని కోత పెడితే ఎవరితో చెప్పుకోవాలో తెలియదు. 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లను కూడా కార్మికులుగానే గుర్తించింది. అది పెద్ద విషయం. కంప్యూటర్ ముందు ఇంట్లో కూర్చుని డేటా గుర్తులు పెట్టే అమ్మాయికి, తెర మీద చొక్కాలు కుట్టే అమ్మాయికి ఆ గుర్తింపు కూడా దక్కకపోతే ఏమనాలి? 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి నుంచి పనిచేసేవారి కోసం 177వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. రాష్ట్రం చేతిలో ఉన్నది మాత్రం చేయొచ్చు. ప్రోత్సాహకం తీసుకునే ప్రతి కంపెనీ తన ఇంటి ఉద్యోగులకు పీఎఫ్, ఈఎస్ఐ కట్టాలని షరతు పెట్టండి.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, 2016 ఏప్రిల్ 18న నేను బొమ్మనహళ్ళిలోనే ఉన్నాను. ఆ ఫిబ్రవరిలో కేంద్రం పీఎఫ్ నిబంధన మార్చింది, యజమాని కట్టిన వాటా 58 ఏళ్లు నిండేదాకా తీసుకోవడానికి వీల్లేదంది. గార్మెంట్‌లో పనిచేసే ఆడమనిషికి ఆ డబ్బే కూతురి పెళ్లి, ఆ డబ్బే ఇంటి పైకప్పు, ఆ డబ్బే వడ్డీవాడి చేతిలోంచి బయటపడే దారి. 58 ఏళ్ల దాకా మిషన్ మీద ఎవరి నడుము నిలుస్తుంది? నాయకుడు లేడు, జెండా లేదు. ఒక ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఫ్యాక్టరీకి మాట పాకి, వేలమంది హోసూరు రోడ్డు మీదికి వచ్చారు. రోడ్డు ఆగిపోయింది. మర్నాడు నగరంలో మిగతా వైపులకూ పాకింది, బస్సులు తగలబడ్డాయి, లాఠీలు విరిగాయి, అది బాధాకరమే. కానీ ఏప్రిల్ 19న అప్పటి కేంద్ర కార్మిక మంత్రి, మన తెలుగువారే, బండారు దత్తాత్రేయ గారు ఆ నిబంధన రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. లక్షలమంది జీతగాళ్ల డబ్బు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లది కూడా, ఆ ఆడవాళ్ల వల్ల దక్కింది.

వర్చువల్ లోకంలో సమ్మె జరగలేదని కాదు. 2007 సెప్టెంబరు 27న ఇటలీలో ఐబీఎం ఉద్యోగులు, జీతంలో భాగమైన బోనస్ కోసేసినందుకు, సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో కంపెనీ కట్టుకున్న ద్వీపాల మీదికి బొమ్మల రూపంలో చొరబడ్డారు. వేర్వేరు దేశాల నుంచి మద్దతుగా వచ్చినవాళ్లతో కలిపి సుమారు 1,850 మంది. పత్రికలన్నీ రాశాయి. నెల తిరగకుండా ఐబీఎం ఇటలీ అధిపతి తప్పుకున్నారు, కొత్త ఒప్పందం కుదిరింది. దాన్ని తక్కువ చేయను. అయితే ఆ ఉద్యోగులకు ముందే యూనియన్ ఉంది, ఒకరి పేర్లు ఒకరికి తెలుసు, కంపెనీ ఆ లోకంలో తన పేరును అమ్ముకుంటోంది కనుక అక్కడ దెబ్బ తగిలింది. బొమ్మనహళ్ళి ఆడవాళ్లకు ఉన్నదల్లా ఒకే షెడ్డు, ఒకే భోజన విరామం, ఒకే గేటు. ఆ గేటు దగ్గర మాట్లాడుకున్నారు కనుకే కదిలారు. ఎవరింట్లో వాళ్లు తెర ముందు కూర్చుని ఉంటే, ఆ ఫిబ్రవరి నిబంధన ఎవరికీ తెలియకుండానే అమలైపోయేది.

అందుకే మండలాల్లో మీరు పెట్టే ఆఫీసు స్థలాలను నేను ఇంటి నుంచి పని కన్నా ఎక్కువగా నమ్ముతున్నాను. ఊళ్లోనే ఉంటూ, నడిచి పోగలిగే దూరంలో, నలుగురూ కూర్చునే గది. పక్కనే పసిపిల్లలను చూసుకునే ఇంకో గది. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి. కరెంటు పోతే ఆగని కంప్యూటర్లు. జీతం చీటీ చేతికి ఇచ్చి, ఏది ఎందుకు కోశారో చదివి చెప్పే ఒక మనిషి. ఇవి ఉంటే బెంగళూరు బయ్యర్ పనిని మడకశిరలో కూర్చుని చేయడానికి అడ్డేమీ లేదు. నా పనిలో సగానికి పైగా ఈ రోజే అక్కడికి మార్చొచ్చు. మిగతా సగానికి బట్ట, మిషన్, దాన్ని ఎరిగిన టైలరు పక్కన ఉండాలి.

ఆ టైలర్లు మీ దగ్గరే ఉన్నారు. బొమ్మనహళ్ళిలో ఏళ్ల తరబడి పనిచేసి, కళ్లు మసకబారో, పిల్లల చదువుల కోసమో వెనక్కి వచ్చేసినవాళ్లు హిందూపురం, పరిగి, లేపాక్షి, మడకశిర ఊళ్లలో ఎందరో. కొందరు ఉపాధి హామీ పనులకు పోతున్నారు, కొందరు ఇంటి అరుగు మీద జాకెట్లు కుడుతున్నారు. డిగ్రీ లేదని, సర్టిఫికెట్ లేదని వాళ్లను శిక్షకులుగా తీసుకోరు. ఆ నిబంధన సడలించండి. కోర్సు రాసే రోజున కన్సల్టెంట్లతో పాటు వాళ్లలో పదిమందిని పిలవండి, ఆ రోజు కూలి, బస్సు ఛార్జీ ఇవ్వండి. ఆదివారమైతే నేనూ వస్తాను. ఆ సమావేశం మాత్రం వీడియోలో వద్దు. హిందూపురంలోనే, మిషన్లున్న గదిలో పెట్టించండి.

ఇట్లు,
శాంపుల్ సెక్షన్ ఉద్యోగిని,
బొమ్మనహళ్ళి, బెంగళూరు